బిడ్డ కాలు, తల్లి నడక

ఎముకల డాక్టరుగారి బోర్డు మీద 'ఆర్థోపెడిక్' అన్న మాట మీరందరూ చూసే ఉంటారు. ఆ మాటలో ఒక పసిబిడ్డ ఉన్నాడని మాత్రం చాలామందికి తెలియదు. గ్రీకు భాషలో 'ఆర్థోస్' అంటే తిన్నగా ఉండేది, 'పైడియోన్' అంటే బిడ్డ. రెంటినీ కలిపి ఆ పేరు పెట్టినవాడు నికొలా ఆంద్రీ అనే ఫ్రెంచి వైద్యుడు. ఎనభై ఏళ్ళు దాటిన వయసులో, 1741లో ఆయన ఆ పేరుతోనే ఒక పుస్తకం వేశాడు. పిల్లల ఒంట్లో వంకరలు రాకుండా చూసుకోవడం, వచ్చిన వాటిని సరిచేసుకోవడం అందులో విషయం. ఆ పుస్తకం తోటి వైద్యుల కోసం రాసింది కాదు సుమండీ. తల్లిదండ్రులు ఇంట్లో తామే చేసుకోగల ఉపాయాలు అని పుస్తకం పేరులోనే చెప్పుకున్నాడు. అందులో ఒక బొమ్మ ఉంది. వంకరపోతున్న చెట్టు పక్కన గుంజ పాతి, తాడుతో చుట్టి కట్టి ఉంటుంది. ఇవాళ్టికీ ఎన్నో దేశాల ఎముకల వైద్యుల సంఘాలకు ఆ చెట్టే గుర్తు. పెరటి పందిరి కింద పొట్లకాయ వంకర తిరక్కుండా రాయి కట్టే మనకు ఆ బొమ్మ అర్థం వేరే చెప్పాలా?

రేడియోలో ఈ సంగతులన్నీ పది నిమిషాల్లో ముగించవలసి వచ్చింది. ఇక్కడ కాస్త విడమరచి చెబుతాను. నేను చదివింది మెట్రిక్యులేషనే గనక ఎముకలకు లాటిన్ పేర్లు అడక్కండి.

పెద్దవాళ్ళ ఎముక కాలిన ఇటుక అయితే పిల్లల ఎముక పచ్చి ఇటుక. రెండు చివర్లా మెత్తని పొర ఒకటి ఉంటుంది, బిడ్డ పొడుగు పెరిగేది అక్కడినుంచే. పిల్లవాడు జామచెట్టు మీదనుంచి పడితే, పచ్చికొమ్మ వంగి ఒకవైపే చీలినట్టు ఎముక చీలుతుంది. పెద్దవాళ్ళకు రెండు మూడు నెలలు పట్టేది వాడికి కొద్ది వారాల్లో అతుక్కుపోతుంది. ఇది మంచివైపు. రెండోవైపు ఏమిటంటే, పెరిగే ఎముకకో కీలుకో జబ్బు చేస్తే ఆ వంకర కూడా బిడ్డతోపాటే పెరుగుతుంది. పుట్టిన పదోరోజున వేలితో నొక్కితే వంగే పాదం, పదేళ్ళకు ఉలీ సుత్తీ పట్టినా వంగదు. అందుచేత ఈ వైద్యంలో కాలమే సగం మందు. బిడ్డను ఎంత త్వరగా చేర్చాం, చేర్చాక ఎన్నాళ్ళు విడవకుండా తిప్పాం అన్నదాని మీదే ఫలితం ఉంటుంది.

మన నెల్లూరు తీరం వాళ్ళకు ఈ చేర్చడం అన్నదే పెద్ద ప్రయాణంగా ఉండేది. కృష్ణపట్నం, మైపాడు, ఇసకపల్లి, తుమ్మలపెంట, రామాయపట్నం వైపు పల్లెలనుంచి ఎడ్లబండి కట్టుకుని నెల్లూరో కావలో చేరాలి. అక్కడినుంచి రైలు. బకింగ్‌హాం కాలువలో సరుకు పడవలు తిరిగిన రోజుల్లో మదరాసుకు అదొక దారి. జ్వరానికీ కాన్పుకీ నెల్లూరులోనే ఆసుపత్రులు ఉండేవి గానీ, పిల్లల ఎముకలకని వేరే డాక్టరు ఎక్కడిది? ఒక్కో జబ్బుకు ఒక్కో ఊరు. పుత్తూరు, మదరాసు, రాయవేలూరు, మదనపల్లె, తిరుపతి. ఈ ఊళ్ళ పేర్లు వరసగా చెప్పుకుంటే మన వైపు పిల్లల ఎముకల వైద్య చరిత్ర దాదాపు చెప్పుకున్నట్టే.

అన్నిటికంటే ముందు పుత్తూరు. గూడూరు, రేణిగుంట మీదుగా రైల్లో వెళ్ళవచ్చు. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగిల్లు ఉండదేమో. పుత్తూరు పక్కన రాచపాళెంలో ఒక రాజుల కుటుంబం తరతరాలుగా ఈ కట్టు కడుతోంది. 1881లో కేశవరాజుగారనే ఆయన మొదలుపెట్టారని చెబుతారు. వేటలో కాలు విరిగిన కుందేలుకు ఏవో ఆకులు చుట్టి ఉంచితే అది లేచి గెంతిందనీ, ఆ ఆకుల గుణం ఆయన అలా కనిపెట్టారనీ అక్కడ చెప్పుకునే కథ. కథ సంగతి ఎలా ఉన్నా, పద్ధతి మాత్రం అందరూ చూసిందే. విరిగినచోట లాగి సరిచేసి, ఆకుపసరూ కోడిగుడ్డు తెల్లసొనా పట్టించి, గుడ్డ చుట్టి, వెదురుబద్దలు పెట్టి బిగించి కడతారు. గుడ్డుసొన ఆరితే గట్టిపడుతుంది. వెదురుబద్ద కదలనివ్వదు. ఎముక అతకడానికి కావలసిందీ కదలకుండా ఉండటమే గదా. అందులోనూ పిల్లల ఎముకైతే కాస్త ఊతం దొరికితే చాలు, తానే అతుక్కుంటుంది. అందుకే పుత్తూరుకు అంత పేరు వచ్చింది. పేదలకు అది దగ్గరగా, చవకగా దొరికిన వైద్యం. దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం నాకు నచ్చదు.

అయితే కట్టు బిగువైతే వచ్చే ప్రమాదం ఒకటుంది. విచిత్రంగా, దాన్ని జర్మనీలో ఫోక్‌మన్ అనే శస్త్రవైద్యుడు వివరంగా రాసింది కూడా 1881లోనే. పిల్లలు చెయ్యి ఊని పడ్డప్పుడు తరచు మోచేతికి కాస్త పైన విరుగుతుంది. అక్కడ వాపు ఎక్కువ. వాపు మీద కట్టు బిగిస్తే నెత్తురు ముంజేతికి దిగదు, కండ చచ్చిపోయి వేళ్ళు గద్దగోళ్ళలా ముడుచుకుపోతాయి. తర్వాత ఎవరూ తిప్పలేరు. ఇది ఆకుల కట్టుకే వస్తుందనుకోకండి, ఆసుపత్రిలో వేసిన పిండికట్టుకూ వస్తుంది. కట్టు ఎవరు కట్టినా సరే, ఆ రాత్రి బిడ్డ వేళ్ళు చూస్తూ ఉండాలి. వేళ్ళు చల్లబడినా, నీలంగా పాలిపోయినా, తిమ్మిరి అన్నా, మనం మెల్లిగా వేళ్ళు చాపబోతే బిడ్డ కేకపెట్టినా తెల్లవారే దాకా ఆగకూడదు. అప్పటికప్పుడు కట్టు విప్పించాలి.

కట్టు కట్టే కుటుంబానికీ పెద్ద ఆసుపత్రికీ ఎప్పుడూ పడదని మనం అనుకుంటాం. ఇంగ్లండులో ఆ రెండూ ఒకే ఇంట్లోనుంచి వచ్చాయి. వేల్సు సీమకు చెందిన ఆంగ్లిసీ దీవిలో తరతరాలుగా ఎముకలు కట్టే కుటుంబం ఒకటి ఉండేది. ఆ వంశంలోని ఇవాన్ థామస్ లివర్‌పూల్ నగరానికి వచ్చి కట్టు కడుతూ పేరు తెచ్చుకున్నాడు. డిగ్రీలున్న డాక్టర్లకు కన్నుకుట్టింది, కోర్టుకు ఈడ్చారు. ఆయన పంతం పట్టి కొడుకులు ఐదుగురినీ వైద్యం చదివించాడు. వారిలో హ్యూ ఓవెన్ థామస్ తాతల నేర్పునూ కళాశాల చదువునూ కలుపుకున్నాడు. కీలుజబ్బు చేసిన కాలుకు పూర్తి విశ్రాంతి ఇవ్వడానికి ఆయన చేసిన ఇనపకడ్డీల చట్రం ఇవాళ్టికీ థామస్ స్ప్లింటు పేరుతో ప్రతి ఆసుపత్రిలోనూ ఉంది. ఆయన దగ్గర పని నేర్చుకున్నది భార్య తరపు మేనల్లుడు రాబర్ట్ జోన్సు. పిల్లల ఎముకల ఆసుపత్రి కథలో ఈ మేనల్లుడిది పెద్ద పాత్రే. కానీ నా దృష్టిలో అంతకంటే పెద్ద పాత్ర ఒక నర్సుది.

ఆవిడ పేరు ఆగ్నెస్ హంట్. చిన్నతనంలో ఒంట్లో చీము పట్టి తుంటి చెడిపోయింది. జీవితమంతా కుంటుతూ, కర్రల మీద నడిచింది. అయినా నర్సు పని నేర్చుకుంది. 1900లో బాస్‌చర్చ్ అనే పల్లెలో, తల్లి ఇంట్లో, కాళ్ళూ వెన్నూ వంకరపోయిన పిల్లలకోసం చిన్న ఆశ్రమం తెరిచింది. మంచాలు ఎక్కే మెట్లు ఇరుకని పిల్లల్ని పెరట్లో పాకల్లో పడుకోబెట్టింది. ఆరుబయటి గాలికీ ఎండకూ పిల్లలు కోలుకోవడం చూసి అదే పద్ధతిగా పెట్టుకుంది. తన తుంటి చూపించుకోవడానికి రాబర్ట్ జోన్సు దగ్గరకు వెళ్ళి, ఆయన్ను తన పిల్లల దగ్గరకు రప్పించుకుంది. అప్పటినుంచి ఆయన ఆ పల్లెకు వచ్చి ఆపరేషన్లు చేసేవాడు.

నేను ఆవిణ్ణి తలుచుకోవడానికి కారణం ఇంకొకటి. నయమై ఇంటికి వెళ్ళిన పిల్లలు కొన్నాళ్ళకు మళ్ళీ వంకరతోనే తిరిగి వస్తున్నారు. ఎందుకా అని చూస్తే, పట్టాలు ఊడిపోయాయి, బూట్లు చాలడం లేదు, అంత దూరం తీసుకురావడానికి తల్లికి కూలి పోతుంది. అలా కాదని ఆగ్నెస్ హంటే ఊరూరా కేంద్రాలు పెట్టింది. నర్సులు వారానికో పక్షానికో అక్కడ కూర్చుని పట్టాలు బిగించి, బూట్లు సరిచేసి పంపేవాళ్ళు. పెద్ద ఆసుపత్రికి చిన్న చిన్న వాకిళ్ళు తెరిచిందన్నమాట. ఈ సంగతి జ్ఞాపకం ఉంచుకోండి. మన తీరం కథలో ఇదే వాకిలి కోసం చాలాకాలం ఎదురుచూడవలసి వచ్చింది.

ఇప్పుడు మన దారికి వద్దాం. పుత్తూరు కట్టుకు లొంగని జబ్బులు ఉన్నాయి. వాటిలో మొదటిది క్షయ. క్షయ అంటే దగ్గనే అనుకుంటాం గానీ, పిల్లల్లో అది తుంటిలోనూ మోకాట్లోనూ వెన్నుపూసల్లోనూ చేరేది. వెన్నుపూస కరిగి కుంగితే గూని. వెనకటి పల్లెల్లో కనిపించిన గూనిపిల్లల్లో చాలామంది కథ ఇదే, దేవుడి శాపం కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ శానిటోరియం 1915లో వెలిసింది. మందులేని కాలంలో గాలి, వెలుతురు, పాలు, గుడ్లు, విశ్రాంతి – వైద్యమంతా ఇంతే. వెన్నుకు క్షయ వస్తే పిల్లల్ని పిండికట్టు తొట్లలో నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి వెల్లకిలా పడుకోబెట్టేవాళ్ళు. అన్నాళ్ళు బిడ్డ దగ్గర ఉండగల తల్లి ఎవరు? ఇంట్లో మిగతా పిల్లలు, మగనికి వేళకు అన్నం, పొలం పని.

ఈ చిక్కు విప్పింది మన పక్కనున్న మదరాసే. 1956లో చేట్‌పట్‌లో క్షయ మందుల పరిశోధన కేంద్రం పెట్టారు. ఇరుకు ఇళ్ళలో ఉండే పేద రోగుల్ని తీసుకుని, కొందర్ని శానిటోరియంలో ఉంచి, కొందరికి ఇంటి దగ్గరే మందులు ఇచ్చి చూశారు. రెండువైపులా నయం కావడం ఒకేలా ఉందని 1959లో ప్రపంచానికి తెలియజెప్పారు. మందు క్రమంగా మింగితే మంచమే అక్కరలేదన్నమాట. 1975లో అదే కేంద్రం వెన్ను క్షయ మీద పరిశోధన మొదలుపెట్టింది. ఆరు నెలలో తొమ్మిది నెలలో మాత్రలు మింగుతూ, నడుస్తూ తిరుగుతూ ఉన్న రోగులు కూడా చక్కగా కోలుకున్నారు. ఏళ్ళ తరబడి పిండికట్టు తొట్టిలో పడుకునే బాధ అలా పోయింది. ఇంత మేలు చేసిన ఊరు మన గడపకు ఇంత దగ్గరలో ఉందని పాఠాల్లో ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

బిడ్డకు వెన్నునొప్పి అంటే అశ్రద్ధ చేయకండి. చిన్నపిల్లలు ఊరికే వెన్నునొప్పి అనరు. నేలమీద పడ్డ బిళ్ళ తియ్యమంటే నడుం వంచకుండా, తొడ మీద చెయ్యి ఆనించి గొంతుకూర్చుని తీస్తే తప్పకుండా డాక్టరుకు చూపించాలి.

రాయవేలూరు సంగతి రెండు మాటల్లో చెప్పి ముందుకు వెడతాను. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలలో చదివిన మేరీ వర్గీసు అనే డాక్టరమ్మకు 1954లో కారు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని నడుం కింద చచ్చుపడిపోయింది. ఆవిడ చక్రాలకుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేసింది. 1966లో అక్కడ తెరిచిన పునరావాస సంస్థ, చచ్చుబడిన కాళ్ళవాళ్ళకు తిరిగి బతకడం ఎలాగో నేర్పే బడి. మన జిల్లానుంచీ ఎందరో ఆ గడప తొక్కారు.

ఇక పరాయి ఊరివాళ్ళే మన జిల్లాకు వచ్చి నేర్చుకున్న పాఠం ఒకటుంది. 1937లో మదరాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి షార్టు, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు, నెల్లూరు జిల్లాలో మనుషుల ఎముకలు బిగుసుకుపోతున్న వింత జబ్బును గురించి వైద్య పత్రికలో రాశారు. తాగే నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ కావడమే కారణమని తేల్చారు. ఫ్లోరైడు ఎముకను పాడుచేస్తుందని మన దేశంలో తెలిసింది అలా మన జిల్లాతోనే. తీరపు పల్లెల్లో కాదు, మెట్టలో. దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు అప్పట్లో నెల్లూరు జిల్లావే, 1970లో ఒంగోలు జిల్లాలోకి వెళ్ళాయి. పిల్లలకు ముందు పళ్ళ మీద గోధుమరంగు గార పడుతుంది. పెద్దయ్యాక మెడ తిరగదు, నడుం వంగదు. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థలోని కృష్ణమాచారి, కృష్ణస్వామి గార్లు ఫ్లోరైడు నీళ్ళ ఊళ్ళలో పిల్లలకు మోకాళ్ళు లోపలికి తిరిగి ఒకదానికొకటి తగలడం గురించి రాశారు. ఇక్కడ ఎంత గొప్ప ఆసుపత్రి ఉన్నా ఏం చేస్తుంది చెప్పండి? కాలు కోసి నిలబెట్టి, మళ్ళీ అదే బావి నీళ్ళు తాగడానికి పంపితే! ఈ జబ్బుకు వైద్యం కుళాయి దగ్గర చేయాలి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీరు తాగకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు తేర్చే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు.

ఒక్క సంగతి. రెండేళ్ళ లోపు పిల్లలకు కాస్త దొడ్డికాళ్ళు ఉండటం, మూడు నాలుగేళ్ళకు మోకాళ్ళు కాస్త లోపలికి ఉండటం సహజమే. ఏడేళ్ళు వచ్చేసరికి చాలామందికి వాటంతటవే తిన్నబడతాయి. ఊరికే కంగారుపడి ఖరీదైన బూట్లు కొనకండి. ఒక కాలు మాత్రమే వంగినా, ఏడాదికేడాది ఎక్కువవుతున్నా అప్పుడు చూపించండి.

మన తీరం పిల్లల్ని అన్నిటికంటే ఎక్కువ కుంటిపరచింది పోలియో. సాయంత్రం జ్వరంతో పడుకున్న బిడ్డ రెండు మూడు రోజులకు కాలు ఎత్తలేదు. మోకాలి మీద అరచెయ్యి ఆనించి, దాన్ని నొక్కుకుంటూ అడుగు వేసే పిల్లలు వెనక ప్రతి వీధిలోనూ ఉండేవాళ్ళు. తొడ కండ చచ్చిపోతే మోకాలు నిలవదు, చేత్తో నిలబెట్టుకోవాలి. అది కూడా చేతకాని వాళ్ళు దోగాడుతూ బడికి వచ్చేవాళ్ళు. ఇందులో మనకు తెలియకుండా జరిగిన అన్యాయం ఒకటుంది. పోలియో పురుగు ఒంట్లో ఉన్నప్పుడు తొడకో పిరుదుకో సూది వేస్తే ఆ కాలే చచ్చుబడే అవకాశం పెరుగుతుందని 1950 నాటికే ఆస్ట్రేలియా, ఇంగ్లండు వైద్యులు రాశారు. మన ఊళ్ళలో ఆ తర్వాత ముప్పై నలభై ఏళ్ళపాటు జ్వరం అనగానే సూది. సూది వెయ్యకపోతే మనమే "ఇదేం డాక్టరండీ" అనేవాళ్ళం.

ఈ పిల్లలకోసం 1980ల దశకంలో తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం వారు ఒక ఆసుపత్రి పెట్టారు. దాని పూర్తి పేరు చాలా పొడుగు. బాలాజీ పేరు ముందు పెట్టి, వికలాంగుల శస్త్రచికిత్స, పరిశోధన, పునరావాస సంస్థ అని. ఇంగ్లీషు అక్షరాలు కలిపి అందరూ 'బర్డ్' అంటారు. పేదవాడు పైసా లేకుండా వెళ్ళి బిడ్డకు ఆపరేషను చేయించుకోగల చోటు. కాలు బాగుపడాలని కొండకు మొక్కుకునే తల్లులకు కొండ కిందే ఆ వైద్యం దొరికింది. గూడూరు, సూళ్ళూరుపేట, కోట, వాకాడు వైపువాళ్ళకు మదరాసు, రాయవేలూరులకంటే తిరుపతి మన ఇల్లులాంటిది. భాష మనది, బస్సు మనది.

అక్కడ చేసేదేమిటంటే చచ్చిన నరాన్ని బతికించడం కాదు, అది ఎవరివల్లా కాదు. ముడుచుకున్న మోకాలిని సాగదీయడం, బలం ఉన్న కండ తాడును తెచ్చి బలం లేనిచోట కుట్టడం, ఎముకను తిన్నగా నిలపడం, ఆపైన ఇనపపట్టా బూటు వేసి నడక నేర్పడం. దోగాడే పిల్ల లేచి నిలబడితే లోకం ఎత్తు మారిపోతుంది గదా. కానీ పిల్ల పెరుగుతుంది, పట్టా పెరగదు. ఏడాది తిరిగేసరికి కొత్తది కావాలి. మళ్ళీ బస్సు, మళ్ళీ ఒక పూట కూలి పోవడం. ఎన్ని ఇళ్ళలో పొట్టిదైపోయిన పట్టా బూటు అటక ఎక్కిందో! ఆగ్నెస్ హంట్ పల్లెలో చూసిందే ఇక్కడా జరిగింది. డాక్టర్లే ఊళ్ళకు వచ్చి శిబిరాలు పెట్టడం మొదలయ్యాక కొంత మేలు. విశాఖపట్నంలో సుంకర వెంకట ఆదినారాయణరావుగారనే ఎముకల వైద్యులు ఇలా శిబిరాల్లో పోలియో ఆపరేషన్లు చేసి 2022లో పద్మశ్రీ అందుకున్నారు.

పోలియోను చివరికి గెలిచింది కత్తి కాదు, రెండు చుక్కలు. 1995లో పల్స్ పోలియో ఆదివారాలు మొదలయ్యాయి. బడి వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది అంగన్‌వాడీ ఆడవాళ్ళే. 2011 జనవరి 13న బెంగాలులోని హౌరా జిల్లాలో ఒక పసిపాపకు వచ్చిందే దేశంలో చివరి కేసు. 2014 మార్చి 27న మన దేశానికి పోలియో పోయిందని ధ్రువపత్రం ఇచ్చారు. పోలియో పిల్లలు రావడం ఆగిపోతే ఎముకల ఆసుపత్రులకు పని లేకుండా పోలేదు. అంతకాలం పోలియో నీడలో కనిపించకుండా ఉన్న పిల్లలు కనిపించసాగారు. పుట్టుకతోనే పాదం మెలితిరిగిన పిల్లలు, తుంటి జారిన పిల్లలు, మెదడు దెబ్బతిని ఒళ్ళు బిగుసుకున్న పిల్లలు.

తుంటి జారడం తల్లి చేతికి తెలిసే జబ్బు. 1930లలో ఇటలీలో ఒర్తొలానీ అనే పిల్లల వైద్యుడి దగ్గరకు ఒక తల్లి వచ్చి, బిడ్డకు కడిగేటప్పుడు తొడ దగ్గర టక్కుమంటోందని చెప్పిందట. ఆయన దాన్ని నవ్వి కొట్టిపారేయకుండా పరీక్షించి చూశాడు. ఇవాళ ప్రపంచమంతటా పుట్టిన బిడ్డ తుంటికి చేసే పరీక్షకు ఆయన పేరే. ఆ తల్లి పేరు ఎవరూ రాసుకోలేదు. నెలల బిడ్డగా ఉన్నప్పుడు దొరికితే తొడలు ఎడంగా ఉంచే గుడ్డపట్టీలతోనే చాలామందికి కుదురుతుంది. నడక వచ్చాక "పిల్ల బాతులా ఊగుతోందే" అని కనిపెడితే ఆపరేషను తప్పదు. మన వైపు బిడ్డను చంకన, నడుముకు చెరోవైపు కాళ్ళు వేసి ఎత్తుకుంటాం గదా, అది తుంటికి మేలైన పద్ధతి. కాళ్ళు రెండూ చాపి, దగ్గరగా చేర్చి, మూటలా బిగించి చుట్టడం మంచిది కాదు. తలంటి పోసే పెద్దవాళ్ళు కూడా బిడ్డను కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయకుండా ఉంటే బాగు. ఇంట్లో అత్తగారికి ఈ మాట ఎలా చెప్పాలో మీకే బాగా తెలుసు.

తీవ్రమైనది ఇంకొకటి చెప్పి పాదం దగ్గరకు వస్తాను. పసిబిడ్డ జ్వరంతో ఉండి, ఒక కాలు మాత్రం కదపకుండా ఉంచి, గుడ్డ మార్చేటప్పుడు గుక్కపట్టి ఏడిస్తే కీలులో చీము చేరి ఉండవచ్చు. కట్టు కట్టకూడదు, కాపడం పెట్టకూడదు. ఇది రోజుల లెక్క కాదు, గంటల లెక్క. చీము తియ్యకపోతే తుంటి ఎముక తలే కరిగిపోతుంది.

వంకరపాదం సంగతి. పుట్టగానే పాదం లోపలికీ కిందికీ మెలితిరిగి ఉంటుంది. మన ఇళ్ళలో వెంటనే గ్రహణం గుర్తొస్తుంది. ఆ పూట కాలు కదిపావనో కూర తరిగావనో నిందంతా తల్లి మీద. గ్రహణానికీ పాదానికీ ఏ సంబంధమూ లేదు. చాలాకాలం ఈ పాదాలను పెద్ద ఆపరేషన్లతో సరిచేసేవాళ్ళు. పాదం తిన్నబడేది గానీ పెద్దయ్యాక బిగుసుకుపోయి నొప్పి పెట్టేది. స్పెయిన్‌లో పుట్టి అమెరికాలోని అయోవా చేరిన ఇగ్నాసియో పోన్సెటీ అనే వైద్యుడు 1940ల చివర్లో వేరే దారి పట్టాడు. బిడ్డ పుట్టిన మొదటి వారాల్లోనే మెల్లిగా పాదాన్ని చేత్తో కొద్దిగా తిప్పి పిండికట్టు వేస్తాడు. వారానికి విప్పి, ఇంకొంచెం తిప్పి మళ్ళీ కట్టు. ఇలా ఐదారు కట్లు. చివర మడమ వెనక తాడును సన్నగా కోసి, మూడు వారాలు ఇంకో కట్టు. అంతే. తోటివాళ్ళు నలభై ఏళ్ళకు పైగా ఆయన మాట పట్టించుకోలేదు. 1990ల చివర్లో, ఆయన ఎనభయ్యో పడిలో ఉండగా, నయమైన పిల్లల తల్లిదండ్రులు ఒకరికొకరు చెప్పుకోవడంతో ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది. 2009లో ఆయన పోయేనాటికి ఇదే అసలైన వైద్యమని అందరూ ఒప్పుకున్నారు.

ఈ వైద్యానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. చేయి తిరిగిన డాక్టరు, పిండి, దూది చాలు. కనుక పెద్ద నగరానికే పోనక్కరలేదు. 2013 ఫిబ్రవరిలో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టిన బిడ్డనుంచి పద్దెనిమిదేళ్ళ వరకు చూడవలసిన 30 లోపాల్లో వంకరపాదం, తుంటి జారడం రెండూ ఉన్నాయి. కాన్పు జరిగినచోటే చూసి జిల్లా కేంద్రానికి పంపాలి. నెల్లూరులో ప్రభుత్వ వైద్య కళాశాల 2014లో వచ్చింది. ఆపరేషను ఖర్చుకు 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ లాంటి పథకం ఉంది, ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారినా. ఎడ్లబండికీ పడవకూ బదులు మైపాడు తల్లికి ఇప్పుడు అరపూట ప్రయాణం.

అయినా ఈ వైద్యం తప్పిపోయేది ఎక్కువగా ఒకేచోట. కట్లు అయిపోయి పాదం ముచ్చటగా తిన్నబడ్డాక రెండు చిన్న బూట్లు, మధ్యలో ఒక కడ్డీ ఇస్తారు. మొదటి మూడు నెలలు రోజుకు ఇరవైమూడు గంటలు వేసి ఉంచాలి. ఆ మిగిలిన గంటా స్నానానికి. ఆ తర్వాత నిద్రపోయే వేళల్లో మాత్రమే, బిడ్డకు నాలుగేళ్ళు వచ్చేదాకా. పాదం బాగానే ఉంది గదా అని మానేస్తే మళ్ళీ తిరుగుతుంది. చూడ్డానికి వచ్చిన చుట్టాలు "పాపం, పసిదానికి సంకెళ్ళేమిటే" అంటారు. బిడ్డ మొదటి రెండు మూడు రాత్రులు ఏడుస్తుంది, ఒక్కొక్క కాలే తన్నబోయి కడ్డీ అడ్డం వచ్చి విసుక్కుంటుంది. అప్పుడు కడ్డీ మధ్యలో పట్టుకుని, రెండు మోకాళ్ళూ కలిపి మెల్లిగా ముడిచి చాపి, ఆటలా నేర్పాలి. రెండు కాళ్ళూ కలిపి తన్నడం వచ్చిందంటే ఏడుపు ఆగుతుంది. కడ్డీకి పాత చీరముక్క మెత్తగా చుట్టండి, నిద్రలో తన్నినా మీకూ తగలదు, గోడకు కొట్టినా చప్పుడు కాదు.